ఐదో ఫిల్మ్

"ఆయన పరీక్ష చేయించుకుంటేనే నేను రేపు ఆ బల్ల ఎక్కేది. లేకపోతే ఎక్కను."

పొద్దున్న కోడలు అన్న ఈ మాట మధ్యాహ్నం మూడయినా ఇల్లు వదిలి పోలేదు. ఆసుపత్రికని సర్దిన సంచి వీధి గుమ్మం పక్కనే ఉంది. అందరూ దాన్ని దాటుకుని తిరుగుతున్నారు గాని, బయటికి మోసేవాళ్ళూ లేరు, లోపలికి తెచ్చేవాళ్ళూ లేరు.

"ఏడేళ్ళుగా లేని పాట ఇప్పుడెందుకు ఎత్తుకున్నావే?" వంటింట్లోంచి అత్తగారు అంది. గిన్నెలు సర్దడం ఎప్పుడో అయిపోయింది, వాటి చప్పుడు మాత్రం ఆవిడ ఆపలేదు. "రేపు ఎనిమిదింటికి ఆపరేషన్ పెట్టుకుని ఈవేళ వాణ్ణి పరీక్షలకి తరుముతావా? మగాడికి పరీక్షేమిటి? నలుగురూ నవ్విపోతారు."

"పిల్లల కోసమని నా పొట్ట రెండుసార్లు కోసినప్పుడు ఎవరూ నవ్వలేదు కదత్తయ్యా."

"అది నీ మంచికేగా!"

"రెండోసారి ఇరవై రోజులు జ్వరంతో పడున్నాను. పక్క మంచం ఆవిడ నేను పోయాననుకుని నర్సుని కేకేసింది. అదీ నా మంచికే."

కోడలు గొంతు పెంచలేదు. ఆ పిల్ల ఎప్పుడూ పెంచదు, అత్తగారికి ఒళ్ళు మండేది అక్కడే. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాడికి తలనొప్పి తప్పదని తెలిసిన మనిషి. మాటని కూడా అలాగే అరగదీసి, గరుకు లేకుండా చేసి వదులుతుంది. తెగిందని తర్వాత గాని తెలియదు.

"పెద్ద డాక్టరు అంత చదువుకున్నవాడు. నీలో లోపం ఉంది కనకే కదా మళ్ళీ కోస్తానంటున్నాడు?"

"లోపం కనిపించలేదన్నారత్తయ్యా. కనిపించలేదు కాబట్టే ఇంకోసారి తెరిచి చూస్తానన్నారు."

వంటింట్లో గిన్నెలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇదంతా వీధి గదిలో కూర్చుని మామగారు వింటున్నారు. ఊళ్ళో అందరూ ఆయన్ని ఎక్స్‌రే మాస్టారంటారు. ఏ బళ్ళోనూ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, చేతికిందికి వచ్చిన ప్రతివాడికీ స్కేలు పుచ్చుకుని కుడి ఎడమలు నేర్పినందుకు దక్కిన బిరుదు అది. రిటైరయ్యాక, ఆసుపత్రివాళ్ళు పారేయబోయిన పాత మెషీన్ని తెచ్చి వీధి గదిలో నిలబెట్టుకున్నారు. పక్కనున్న సామాన్ల కొట్టు డార్క్‌రూమ్ అయింది. 'మాస్టారి ఫిల్మ్ చెప్పిందంటే ఇంక మాట్లాడేదేముంది' అని డాక్టర్లే అంటారు.

అంతమంది లోపలి సంగతులు చూసిన మనిషికి సొంత ఇంట్లో ఆడవాళ్ళ తగువులో ఎటు నిలబడాలో మాత్రం ఈనాటికీ తెలియదు. అందుకని వినపడనట్టు కూర్చోవడం బాగా అలవాటు చేసుకున్నారు. ఇవాళ అది కూడా సరిగ్గా కుదరడం లేదు.

ఇంతలో వీధి మలుపులో దగ్గు వినిపించింది. కొడుకు ఎప్పుడూ అంతే. ముందు దగ్గు ఇల్లు చేరుతుంది, వెనక మనిషి చేరతాడు. పిండిమరలో సూపర్‌వైజరు. ఏడాదికి పన్నెండు నెలలూ ముక్కు కారుతుంది. పిండి దుమ్ము వల్లనేనని ఊరంతా కలిసి తీర్మానించేసింది. మరలో చేరకముందు, నిక్కర్లు తొడుక్కునే రోజుల్లోనే ఆ దగ్గు ఉందని ఎవరికీ గుర్తు లేదు.

"అయిందా?" తల్లి చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. కోడలు వచ్చి తలుపు దగ్గర ఆగింది. అడగలేదు.

"అసలు పరీక్షదాకా వెళ్ళనేలేదు," అన్నాడు కొడుకు. పొద్దున్న కోపంగా వెళ్ళినవాడు ఇప్పుడు తికమకగా ఉన్నాడు. "కొత్తగా ఒక లేడీ డాక్టరొచ్చింది. నా దగ్గు విని, ముందు ఛాతీ చూస్తానంది. గొట్టం ఎడంపక్కన పెట్టింది. ఇటు జరిపింది, అటు జరిపింది. కాసేపు కళ్ళు మూసుకుంది. చివరికి, 'మీ గుండె ఎక్కడ పెట్టుకొచ్చారండీ' అని అడిగింది."

"అదేం మాట! ఆవిడకేం చెవుడా?"

"పెద్ద డాక్టరూ అలాగే నవ్వాడమ్మా. 'ఈయన మాస్టారి కొడుకమ్మా, ఈయన గుండె ఎక్కడుందో ఫిల్ములతో సహా నా దగ్గరుంది' అని ఆవిడతో అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. దాంతో పెద్ద డాక్టరు, సరే, మాస్టార్ని కొత్తది ఒకటి తీసి పంపమను, ఆరింటికల్లా వస్తే చూసి ఇంటికి పోతానన్నాడు." జేబులోంచి అంటించిన కవరు తీసి తండ్రి చేతికిచ్చాడు. "ఇది ఆవిడ మీకిమ్మంది. మీరే చదవాలిట."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు.

'మాస్టారికి నమస్కారం. మీ అబ్బాయి గుండె చప్పుడు నాకు కుడివైపు వినిపించింది. పుట్టుకతోనే లోపలి అవయవాలన్నీ అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉండేవాళ్ళు వేలమందిలో ఒకరుంటారని మీకు తెలుసు. అలాంటి వాళ్ళలో కొందరికి పుట్టింది మొదలు జలుబూ దగ్గూ వదలవు. ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి ఊడ్చే సన్నటి నూగు కదలకపోవడమే దానికి కారణం. వాళ్ళు మగవాళ్ళయితే, బిడ్డ కలగడానికి కదలవలసినవి కూడా కదలవు. నా అనుమానం నిజమైతే రేపు మీ కోడలి పొట్ట కోయవలసిన పని లేదు. వేరే దారులున్నాయి, నిదానంగా చూడవచ్చు. ఇక్కడ నేను కొత్తదాన్ని, నా మాట చెల్లదు. మీ ఫిల్మ్ మాట చెల్లుతుంది.'

రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఏం రాసిందండీ?" అంది అత్తగారు.

"ఫిల్మ్ కావాలంది."

"అంత పొడుగు ఉత్తరంలో ఆ ఒక్క ముక్కేనా?"

"డాక్టర్ల రాత. పెద్దపెద్దగా ఉంటుంది."

ఆవిడ నమ్మలేదు. కోడలు ఆయన జేబుకేసి ఒక్కసారి చూసి, మొగుడి వైపు తిరిగింది. "డాక్టరమ్మ అనుమానం ఏమిటో నాకు తెలియదు. ఏదో ఒకటి, మీరంటూ వెళ్ళి చూపించుకున్నారు, నాకది చాలు. ఫిల్మ్‌లో అంతా మామూలుగా ఉందంటే రేపు నేను నోరెత్తకుండా వెళ్తాను. మాట తప్పను."

"అలా అన్నావు బాగుంది," అంది అత్తగారు, గెలిచినట్టు.

మాస్టారు లేచి మెషీన్ గది తలుపు తీశారు.

కొడుకు చొక్కా విప్పి నిలబడ్డాడు. ఫిల్మ్ పెట్టిన చల్లటి రేకు పెట్టె ఛాతీకి తగలగానే దగ్గొచ్చింది. కుడి అని గుర్తుకి ప్రతి ఫిల్మ్ మీదా సీసపు అక్షరం ఒకటి పడాలి. మాస్టారు ఎప్పుడూ దాన్ని పెట్టె మూలన పెడతారు. ఇవాళ పెట్టె మీద పెట్టలేదు. ప్లాస్టర్ ముక్క చింపి, కొడుకు కుడి భుజం మీద, ఒంటికే అంటించారు.

"ఇదేంటి నాన్నా, కొత్తగా?"

"కదలకు. ఊపిరి పీల్చు. బిగబట్టు."

రెండుసార్లు దగ్గు చెడగొట్టింది. మూడోసారికి కుదిరింది.

డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద, మందునీళ్ళ తొట్టిలో ఫిల్మ్ మెల్లగా నల్లబడసాగింది. ముందు భుజాలు, తర్వాత పక్కటెముకలు. చివరికి మధ్యలోంచి ఒక పక్కకి ఒరిగి తెల్లగా గుండె నీడ. అది సీసపు అక్షరం వైపుకే ఒరిగి ఉంది.

మాస్టారు తొట్టి అంచు పట్టుకున్నారు.

ఆయన కొడుక్కి ఛాతీ ఫిల్మ్ తీయడం ఇది ఐదోసారి. మొదటిసారి వాడికి ఎనిమిదేళ్ళు, వారంరోజుల జ్వరం. అప్పుడూ ఇలాగే, గుండె అక్షరం పక్కనే కనిపించింది. చూడగానే ఆయనకి అనిపించింది ఒక్కటే: అక్షరం తప్పు మూలన పెట్టాను.

అలా అనిపించడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నిజంగానే అలా ఒక అక్షరం తారుమారు చేశారు. బస్తాలు మోసే మనిషి ఒకడికి విరిగిన కాలు వదిలేసి బాగున్న కాలికి కట్టు కట్టారు. ఆ మనిషి తిట్టిన తిట్లు, ఆసుపత్రంతా నవ్విన నవ్వు ఆయన ఎముకల్లో ఉండిపోయాయి. ఆ తర్వాతే స్కేలు పట్టింది, ఆ తర్వాతే మాస్టారయింది. అలాంటి మనిషి సొంత కొడుకు ఫిల్మ్ మీద మళ్ళీ అదే తప్పు చేశాడని ఎవరికైనా తెలిస్తే? గబగబా అక్షరం ఉన్న మూల కత్తిరించేశారు. ఫిల్మ్ తిరగేసి, రెండో మూలన తెల్ల సిరాతో తానే రాశారు. లోపల అన్నీ కలిసికట్టుగా తారుమారయ్యాయి కనక, తిప్పిన ఫిల్మ్ అచ్చం అందరి ఫిల్మ్ లాగే ఉంది.

పదమూడో ఏట రెండోసారి. పదిహేడులో, ఇరవైరెండులో. ప్రతిసారీ అదే తప్పు, ప్రతిసారీ అదే కత్తెర.

అలా తారుమారుగా పుట్టిన మనుషులుంటారని ఆయనకి తెలియదనా? సర్వీసులో ఇద్దర్ని చూశారు. కుర్రాళ్ళని పిలిచి మరీ చూపించారు. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి ఏదైనా ఉండవచ్చు. మన పిల్లాడికి ఉండదు. ఎంత పనితనం ఉన్నవాడికైనా ఈ ఒక్క చోట కళ్ళు మూసుకుపోతాయి.

పైగా ఆ తప్పుకి ఆయన ఒక మంచి కారణం కూడా కల్పించుకున్నారు. కన్నబిడ్డని ఆ మెషీన్ ముందు నిలబెడితే నా చెయ్యి తడబడుతోంది, అంతే అనుకున్నారు. పైకి ఒక ముద్దుమాట చెప్పలేని తండ్రి, వాడంటే నాకెంత ప్రేమో అని ఆ తప్పుని తలుచుకుని లోలోపల మురిసిపోయేవారు.

ఇవాళ అక్షరం ఒంటికే అంటించి ఉంది. చెయ్యి తడబడలేదు. ఏనాడూ తడబడలేదు. నాలుగుసార్లు ఫిల్మ్ నిజం చెప్పబోయింది, నాలుగుసార్లూ ఆయనే దాని నోరు నొక్కారు. అందుకు ఆ పిల్ల పొట్ట రెండుసార్లు కోశారు.

మాస్టారికి ఏడుపొచ్చింది. ఆ ఎర్ర వెలుతుర్లో చూసేవాళ్ళెవరూ లేరు కనక, ఏడ్చారు.

ఫిల్మ్ కడిగి, క్లిప్పుకి తగిలించి, మామూలు దీపం వేసేసరికి తలుపు చప్పుడైంది.

"నాన్నా, రావచ్చా?"

కొడుకు లోపలికొచ్చి తలుపు మూశాడు. చిన్నప్పటినుంచీ ఆ గదుల్లో తిరిగినవాడు. ఫిల్మ్ ఒక్కసారి చూశాడు, చాలు. అక్షరం చూశాడు, గుండె చూశాడు, తండ్రి కళ్ళు చూశాడు.

"ఆవిడ చెప్పింది నిజమేనా?"

మాస్టారు చెయ్యి చాచి కొడుకు కుడి ఛాతీ మీద ఆనించారు. అరచేతి కింద టకటకమని కొట్టుకుంటోంది. ఐదుసార్లు వీడి లోపలంతా చూశాను గాని, ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారి ఇక్కడ చెయ్యి వేయలేదు అనుకున్నారు.

ఉత్తరం తీసి కొడుక్కిచ్చారు. వాడు చదువుతున్నంతసేపూ నేలకేసి చూస్తూ నిలబడ్డారు.

"పుట్టుకతో వచ్చిందిరా. నీ తప్పు కాదు. మీ అమ్మదీ కాదు. ఎవరూ చేస్తే వచ్చింది కాదు."

"మీకెప్పట్నించి తెలుసు?"

"ఇవాళ్టి నుంచి. అంతకుముందు నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నా చెయ్యే తప్పనుకుని తిప్పేశాను."

కొడుకు నవ్వబోయాడు. నవ్వు రాలేదు, దగ్గొచ్చింది. తగ్గాక బల్లమీద కూలబడ్డాడు.

"దానికి తెలియకూడదు నాన్నా."

"ఏమిట్రా నువ్వనేది? రేపు పొద్దున్న—"

"రేపటి ఆపరేషన్ నేను ఆపిస్తాను. ఏదో వంక చెప్తాను. ఇంకో నెల పోనిద్దాం అంటాను. కారణం మాత్రం ఇది కాకూడదు."

"నువ్వు నెల ఆపుతావు. ఆ పైన మీ అమ్మ ఊరుకుంటుందా? పెద్ద డాక్టరు ఊరుకుంటాడా? మళ్ళీ ఆ పిల్లే బల్ల ఎక్కాలి."

"నాకు తెలియదు. నాకిప్పుడు ఏమీ తెలియదు." రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "పిల్లలు లేరని కాదు నాన్నా. మరలో పదిమందీ ఏమంటారనీ కాదు. ఏడేళ్ళు... అమ్మ దాన్ని అన్న ప్రతి మాటకీ నేను పక్కనే ఉన్నాను. అన్నం తింటూ విన్నాను. ఒక్కసారంటే ఒక్కసారి 'ఊరుకో అమ్మా' అనలేదు. ఎందుకంటే నేనూ అలాగే అనుకున్నాను, తప్పు దానిదేనని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని దాని ముందుకెళ్ళను?"

మాస్టారికి వాడి మీద కోపం రావలసిందే. రాలేదు. అదే అన్నం బల్ల దగ్గర తానూ కూర్చున్నారు, వినపడనట్టు.

"ఇద్దరం కలిసి చెబుదాం," అన్నారు. "ముందు నేను చెప్తాను."

"ఇంకొక్కసారి తిప్పండి నాన్నా."

"ఒరేయ్!"

"నాలుగుసార్లు నాకోసం తిప్పారు కదా. ఇంకొక్కసారి."

"నీకోసం తిప్పలేదురా," అన్నారు మాస్టారు. ఈ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైంది. "నా పేరు కోసం తిప్పాను. నీకోసమైతే ఒక్కసారైనా నీ ఛాతీకి చెవి పెట్టి వినేవాణ్ణి."

గదిలో ఫ్యాన్ గాలికి ఫిల్మ్ ఊగుతోంది. బయట వసారాలో అత్తగారు సంచి లేవనెత్తి చూసి, "తువ్వాలు రెండోది పెట్టావా?" అని అడగడం వినిపించింది. పెట్టానత్తయ్యా, అని జవాబు వినిపించింది. ఆ పిల్ల నిజంగానే మాట మీద నిలబడే రకం.

కాసేపటికి తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు.

"మామయ్యా, ఐదున్నరయింది. ఆరింటికి అందాలన్నారు కదా. ఆరిందా?"

"ఆ... ఆరిందమ్మా. వస్తున్నా."

మొహం ఇలా చూపించకూడదని మాస్టారు కుళాయి వైపు తిరిగి దోసిట్లో నీళ్ళు పట్టారు. కళ్ళ మీద చల్లుకుంటుండగా వెనక చిన్న చప్పుడయింది. ముప్పై నాలుగేళ్ళు విన్న చప్పుడు, పొరపడే వీలు లేదు. ఒక్క కత్తెర వేటు.

తిరిగి చూసేసరికి కత్తెర బల్ల మీద ఉంది. ఫిల్మ్ పై మూల లేదు. అక్షరం ఉన్న ముక్క కొడుకు పిడికిట్లో ఉంది. పట్టుబడ్డ పసివాడిలా వాడు తండ్రికేసి చూస్తున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి, ఇంకొక్కసారి, అని.

తలుపు తెరుచుకుంది.

కోడలు లోపలికొచ్చింది. మొగుడి మొహం చూసింది, మామగారి తడి మొహం చూసింది. క్లిప్పు విప్పి ఫిల్మ్ చేతిలోకి తీసుకుంది. వేలిముద్ర పడకుండా రెండు వైపులా అంచులు మాత్రమే పట్టుకుంది, దుకాణంలో అద్దాన్ని పట్టుకునే అలవాటు కొద్దీ. గుమ్మంలోకి జరిగి, వీధిలోంచి వచ్చే వెలుతురుకి ఎత్తి చూసింది. తిరగేసి మళ్ళీ చూసింది. కత్తిరించిన మూల మీద బొటనవేలు ఒక్క క్షణం ఆగింది.

"ఏమైందే? అంతా మామూలేనా?" వసారాలోంచి అత్తగారు కేకేసింది.

కోడలు మామగారి దగ్గరకి వచ్చి ఫిల్మ్‌ని ఆయన కళ్ళెదురుగా పట్టుకుంది.

"ఇటునుంచి చూస్తే గుండె ఎడంపక్కనుంది. తిప్పితే కుడిపక్కనుంది. దీన్ని ఎటునుంచి చూడాలి మామయ్యా?"

ఆయన కొడుకు పిడికిలికేసి చూశారు.

"మీరెటు చెబితే అటే చూస్తాను," అంది.